పుస్తకం మీద ఫిర్యాదు వస్తే: అందరికీ ఆపాలా, ఒక్కరికే ఆపాలా?

అమెరికాలో బడి గ్రంథాలయంలోని పుస్తకం మీద ఎవరైనా అభ్యంతరం చెబితే సాధారణంగా మూడు దారులు. విషయం తేలేదాకా ఎవరికీ ఇవ్వకపోవడం, ఇంటి నుంచి అనుమతి చీటీ తెచ్చినవాళ్లకే ఇవ్వడం, ఫిర్యాదు చేసినవాళ్ల బిడ్డకు మాత్రం ఆపి ఈలోగా కమిటీ చేత పుస్తకం చదివించడం.

మొదటిది ఫ్లోరిడా పద్ధతి. లైంగిక వర్ణన ఉందని ఫిర్యాదు వస్తే 5 బడి రోజుల్లోగా ఆ పుస్తకాన్ని తీసేయాలని 2023లో అక్కడ చట్టం చేశారు. ఫిర్యాదు రాయడానికి పది నిమిషాలు చాలు, పుస్తకమంతా చదివి తేల్చడానికి మాత్రం చాలా కాలం పడుతుంది. అంతవరకూ నష్టపోయేది ఏ ఫిర్యాదూ చేయని ఇళ్ల పిల్లలే. బడిలో పిల్లలు లేనివాళ్లు నెలకు ఒక్క పుస్తకానికి మించి అభ్యంతరం పెట్టకూడదని 2024లో అదే రాష్ట్రం హద్దు గీయాల్సి వచ్చింది.

అనుమతి చీటీ పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. నేను మాత్రం ఒప్పుకోను. ఆర్కన్సాలోని సీడర్‌విల్‌లో హ్యారీ పోటర్ పుస్తకాలకు ఇలాగే చీటీ అడిగారు. ఒక విద్యార్థినికి ఇంట్లో అనుమతి ఉంది, అయినా ఆమె తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. చీటీ పెట్టడమంటేనే ఆ పుస్తకం చెడ్డదని, అడిగిన పిల్ల కూడా అలాంటిదేనని ముద్ర వేసినట్టు అన్నది వాళ్ల బాధ. 2003లో ఫెడరల్ కోర్టు ఆ నిబంధన చెల్లదంది. దాపరికం ఎక్కువగా ఉండే వయసులో, నలుగురి ముందూ చీటీ చూపించి పుస్తకం అడిగే పిల్లలు ఎంతమంది ఉంటారు?

నా ఓటు మూడోదానికే. తల్లిదండ్రుల దిగులు తీసిపారేసేది కాదు. ఏడేళ్ల పాపకీ పదిహేడేళ్ల అమ్మాయికీ ఒకే పుస్తకాలు తగవు. తమ బిడ్డ ఏం చదవాలో చెప్పే హక్కు వాళ్లకుంది, పక్కింటి బిడ్డ మీద లేదు. స్నేహితుల దగ్గర తీసుకుని చదివేస్తే ఆపలేమన్నది నిజమే, కానీ ఆ ఇబ్బంది మూడు పద్ధతుల్లోనూ ఉంది.

అయితే కమిటీ మాటకు విలువ ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలండ్ ట్రీస్‌లో 1976లో నలుగురు తల్లిదండ్రులు, నలుగురు సిబ్బందితో కమిటీ వేశారు. అది కొన్ని పుస్తకాలు ఉంచమంటే, అక్కడి బడులను నడిపే బోర్డు తాను తీసేసినవాటిలో ఒక్కదాన్నే ఏ ఆంక్షా లేకుండా తిరిగి గ్రంథాలయంలో పెట్టింది. గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో పుస్తకాలు తొలగించకూడదని 1982లో ఆ కోర్టు న్యాయమూర్తి బ్రెన్నన్ రాశారు, కానీ ఆ అభిప్రాయానికి పూర్తి మెజారిటీ కుదరలేదు. అందుకే కమిటీని కాదనే బోర్డు, ఏ పుస్తకం ఎందుకు తీస్తున్నదో కారణం రాసి అందరికీ కనిపించేలా పెట్టాలి.