ఐదేళ్ల డైరీ: చివరి గడి దాకా వాడిన తరువాత

ఐదేళ్ల డైరీ నాకు నచ్చడానికి కారణం ఒక్కటే. ఇవాళ్టి సంగతి రాద్దామని పేజీ తెరిస్తే, నిరుడు ఇదే తేదీన ఏం రాశానో, అంతకు ముందు ఏడు ఏం రాశానో, చూడకూడదని మొండికేసినా కంటబడి తీరుతుంది. ఒక తేదీకి ఒక పేజీ, పేజీలో పైనుంచి కిందికి ఐదు గడులు, గడికి నాలుగు గీతలు: దీని అమరిక ఇంతే. అట్ట, రిబ్బను, వెనుక పేజీల్లోని పట్టికలు అన్ని డైరీలకూ ఉండేవే కనుక వాటి జోలికి పోను. మా బాబాయి రాజమహేంద్రవరం నుంచి తెచ్చి ఇచ్చిన ఈ డైరీని 2021 జనవరిలో, ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా మొదలుపెట్టాను. 2025 డిసెంబరుతో అది నిండింది. ఇప్పుడు ఎం.ఏ. ఆర్థికశాస్త్రం రెండో ఏడాదిలో ఉన్నాను.

మా ఇల్లు పి.గన్నవరం వైపు, గోదావరి నడుమ ఒక లంకలో ఉంది. నాన్నగారు కౌలుకు చేసే చేను మాత్రం ఏటిగట్టుకు అవతల, మధ్య డెల్టా కాలువ శివారున, అంటే నీళ్లు ఆఖరున అందే చోట ఉంది. డైరీ గుణం నాకు తెలిసివచ్చింది ఏప్రిల్ పేజీల వల్ల. మా వైపు ఏటా ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి, జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు. ఏప్రిల్ చివరి వారంలోని ఒక పేజీలో 2021 గడి ఇలా ఉంది: "కాలువ కట్టేశారు. ఈత లేదు. ఏమీ తోచడం లేదు." మరుసటి ఏడు దాని కిందనే, రేవులో బురద తేలిందనీ, అమ్మ బిందెలతో కుళాయి దగ్గర గంటసేపు నిలబడిందనీ రాసుకున్నాను. 2023లో, శివారు చేలకు వంతు నీళ్లు రాకముందే కాలువ కట్టేశారనీ, నాన్నగారు ఇంజను పెట్టి డ్రెయిన్ నీళ్లు తోడినా దాళ్వా (రెండో పంట వరి) గింజ కొంత తాలు పోయిందనీ ఉంది. 2024లో మాత్రం అధికారుల పక్షం తీసుకున్నట్టు, కాలువ కట్టకపోతే పూడిక ఎప్పుడు తీస్తారు, లాకులు ఎప్పుడు బాగుచేస్తారు అని అడిగాను. (ఆ గడిని నాన్నగారికి చూపించలేదు.) కాలువ అదే, తేదీ అదే. ఏ ఏటికి ఆ ఏడు, కాలువ గురించి చెప్పుకోవలసింది అంతేనన్న ధీమాతోనే నేను రాశాను. ఆ నాలుగు గడులూ ఒకదాని కింద ఒకటి లేకపోతే, నేను మొదటినుంచీ శివారు రైతు కష్టం తెలిసిన దాన్నేనని ఈపాటికి నమ్మేసేదాన్ని.

పరీక్షల విషయంలో ఈ గుణం కొంచెం మొరటుగా పనిచేసింది. కరోనా కారణంగా 2021లో ఇంటర్ పరీక్షలు రద్దయిన రోజున నా గడిలో మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయి, మామ్మ గుడిలో కొబ్బరికాయ కొట్టిందన్న సంగతీ ఉంది. పదో తరగతి, ఇంటర్ మొదటి ఏడాది మార్కులను బట్టి మాకు మార్కులు వేశారు. ఏడాది తిరిగేసరికి దాని కిందనే, డిగ్రీ పేపరు మూడు గంటలూ రాసేసరికి చేయి పడిపోయిందనీ, ఆఖరి ప్రశ్న అలాగే వదిలేశాననీ వచ్చింది. ఆ కింది గడిలో ఇంకా చేదుగా ఉంది: మా బ్యాచ్‌ని "రాయకుండా పాసైన వాళ్లు" అని ఒక మాస్టారు తరగతిలోనే అన్నారు. ఆ రోజు సంతోషపడడంలో తప్పు లేదని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ సంతోషాన్ని ఏటా ఒకసారి, అదీ అదే తేదీన, చదువుకోవలసి రావడం మాత్రం అంత సుఖంగా లేదు.

మొదటి ఏడాది పూర్తయినప్పుడు ఈ డైరీని స్నేహితులందరికీ గట్టిగా సిఫారసు చేశాను, ఇద్దరి చేత కొనిపించాను కూడా. ఆలోచిస్తే ఆ మెప్పుకు అప్పట్లో ఆధారం ఏమీ లేదు. మొదటి ఏడాదంతా పై గడి రాస్తూ పోవడమే తప్ప పోల్చి చూడడానికి ఏమీ ఉండదు, కింద నాలుగు గడులు ఖాళీగా ఎదురు చూస్తుంటాయి. అసలు గుణం పనిచేయడం రెండో జనవరి నుంచే మొదలవుతుంది. కొన్న ఇద్దరిలో ఒకరు ఆ జనవరి దాకా రానేలేదు.

ఇక ఈ డైరీకి వచ్చిన పెద్ద ఆపద గురించి. 2022లో, ఆగస్టులో రావలసినంత వరద జూలైలోనే వచ్చింది. ధవళేశ్వరం వద్ద 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఎగరవేస్తారు. ఆ జూలై మధ్యలో నీటిమట్టం 21 అడుగులు దాటింది, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చింది. 1986 వరదలో 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి కనుక, దాన్ని కళ్లారా చూసిన మా మామ్మ ఈసారి నీళ్లు అరుగు దాటవని పందెం కాసింది. నీళ్లు అరుగు దాటి, వంటింట్లోకి వచ్చి, పొయ్యి గట్టును ముట్టుకున్నాయి. గేదెలను ముందే గట్టు మీదికి తోలేశారు. బియ్యం, పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లు అటకెక్కాయి. పుస్తకాల వంతు వచ్చేసరికి మమ్మల్ని తీసుకుపోయే పడవ రేవులోకి వచ్చేసింది. డైరీ గోడ అలమరలో, కింది అరలో, పాఠ్యపుస్తకాల మధ్య నిలువుగా ఉండిపోయింది.

గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నన్ని రోజులూ నాకు బెంగ డైరీ మీదే. మామ్మకు ఆ మాట చెబితే, పెరట్లో అరటి తోట పోతుంటే కాగితాల గురించి ఏడుస్తావేమిటని చీవాట్లు పెట్టింది. వరద తీశాక ఇంటికి వస్తే గదుల్లో పాదం మునిగేంత ఒండ్రు పేరుకుని ఉంది. అలమరలో నీటి మరక కింది అరకు నాలుగు వేళ్ల ఎత్తున ఆగింది. డైరీని బయటికి తీసేసరికి దాని వెన్ను జిగురు ఊడి చేతికి వచ్చింది. కుట్టు మాత్రం తెగలేదు. ఎండలో పెడితే కాగితం ముడుచుకుపోతుందని నీడలోనే, పాత పేపర్లు ముక్కలు చేసి పేజీల మధ్య పెట్టి, మీద రుబ్బురోలు పొత్రం బరువుంచి ఆరబెట్టాను. కరెంటు ఇంకా రాలేదు కనుక ఫ్యాను సాయం లేదు. రోజూ పేపర్లు మార్చడమే పని.

ఆరిన తరువాత పేజీలు తిప్పి చూస్తే నేను అనుకోనిది కనబడింది. డైరీ నిలువుగా ఉండడం వల్ల నీళ్లు కిందినుంచి పైకి పీల్చుకున్నాయి. ప్రతి పేజీలోనూ కింది భాగం తడిసి, మరక ఇంచుమించు మూడో గడి అడుగున ఆగిపోయింది. 2021, 2022 గడులు చెక్కుచెదరలేదు. నీళ్లు తినేసింది 2024, 2025 గడులను, అంటే అప్పటికి నేను ఇంకా రాయని ఏళ్లను. జనవరి ఒకటి నుంచి డిసెంబరు ముప్పై ఒకటి దాకా, ప్రతి పేజీకీ అడ్డంగా ఒకే ఎత్తున గోధుమరంగు చార. రాసినదాంట్లో ఒక్క అక్షరం పోలేదన్న ఆనందంలో, ఆ చార మున్ముందు ఏం చేస్తుందో అప్పుడు నాకు తట్టలేదు.

అది సరిగ్గా తెలిసింది 2024 జనవరిలో, ఆ గడుల్లో రోజూ రాయవలసి వచ్చాక. తడిసి ఆరిన కాగితానికి మిల్లులో పట్టించిన గంజి పూత పోతుందట. నేను మొదటినుంచీ వాడుతున్న జెల్ పెన్నుతో ఆ కింది గడుల్లో రాస్తే సిరా నలువైపులా పాకి, అక్షరాలు ఉబ్బి, అవతలి పేజీలోకి దిగిపోయింది. బాల్ పెన్నుకు మారక తప్పలేదు. బాల్ పెన్నుతో రాయాలంటే నొక్కాలి, నొక్కితే మెత్తబడిన కాగితం గీరుకుపోతుంది. ఆ రెండేళ్ల నా రాత మునుపటికన్నా పొట్టిగా, అవసరమైనంత మేరకే ఉండడానికి సగం కారణం వయసు కావచ్చు గానీ, మిగతా సగం ఆ కాగితమే. వెన్నును మాత్రం అమలాపురంలో ఒక బైండింగు ఆయన మైదా జిగురులో మైలుతుత్తం కలిపి మళ్లీ అతికించారు. పురుగు పట్టకుండా అలా కలుపుతారట. కంపెనీ వేసిన జిగురుకన్నా అదే గట్టిగా నిలిచింది. గోదావరి జిల్లాల తేమకు ఈ డైరీ కాగితం, జిగురు రెండూ చాలవని నా ఫిర్యాదు. అయితే వరదలో నానబెట్టి పరీక్షించినది నేనొక్కదాన్నే అయివుండవచ్చు కనుక ఆ ఫిర్యాదును ఆ మేరకే తీసుకోవాలి.

దీనికన్నా లోతైన లోపం ఒకటి ఉంది. అది వరద వల్ల వచ్చింది కాదు, డైరీ పుట్టుకలోనే ఉంది. "ఇదే రోజు" అంటే ఈ డైరీ దృష్టిలో ఇంగ్లీషు తేదీ. పరీక్షలకు, కాలువలకు అది సరిపోతుంది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వస్తుంది కనుక ఒక రోజు అటూ ఇటూగా సరిపోతుంది. కనుమ నాడు జరిగే జగ్గన్నతోట ప్రభల తీర్థం ఐదేళ్ల ముచ్చట్లూ జనవరి 15, 16 పేజీల్లోనే దొరికాయి. కానీ ఉగాది 2021లో ఏప్రిల్ 13న, మరుసటి ఏడు ఏప్రిల్ 2న, 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఐదు ఉగాదులూ ఐదు పేజీల్లో చెదిరిపోయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు.

ఉగాది సంగతి సరిపెట్టుకోవచ్చు. మా తాతయ్య 2021 కార్తికంలో పోయారు. మరుసటి ఏడు ఆబ్దికం నాడు, నువ్వు రోజూ రాస్తావు కదా, ఆ రోజు ఏం జరిగిందో చదివి వినిపించమని మామ్మ అడిగింది. ఆ రోజు పేజీ తెరిస్తే పై గడిలో ఏదో క్రికెట్ మ్యాచ్ ఉంది. తిథి పది రోజులకు పైగా ముందే వచ్చింది కనుక తాతయ్య ఎక్కడో తరువాతి పేజీల్లో ఉన్నారు. 2023లో అధిక శ్రావణం రావడంతో తిథి ఒక్కసారిగా ఆలస్యమైంది, ఆయన ఈసారి ముందరి పేజీల్లోకి పోయారు. మా ఇంట్లో మనుషులను గుర్తుపెట్టుకునేది తిథితో, చదువులను గుర్తుపెట్టుకునేది తేదీతో. ఈ డైరీకి రెండోదే తెలుసు. అప్పటినుంచి గోడ క్యాలెండరు చూసి ప్రతి గడి మూలన తిథి కూడా చిన్న అక్షరాలతో వేయడం అలవాటు చేసుకున్నాను. ఉన్న నాలుగు గీతల్లో ఒక ముక్క దానికే పోయింది.

నాలుగు గీతలు చాలవన్న ఫిర్యాదు మామూలు రోజుల్లో నాకు లేదు. చెప్పుకోవడానికి ఏమీ లేని రోజులే ఎక్కువ, వాటికి నాలుగు గీతలు కూడా ఎక్కువే. మిచౌంగ్ తుఫాను తీరం దాటిన 2023 డిసెంబరు 5న మాత్రం, తడిసిన పనల గురించి రాస్తూ గడి దాటి కింది రెండు గడుల్లోకి దిగిపోయాను. 2024, 2025లలో అదే తేదీకి నాకు చోటే మిగల్లేదు. అది నాకు ఇబ్బందిగా అనిపించలేదు. మరొకరికి అనిపించవచ్చు.

కొనవచ్చా అని అడిగితే, నా పరిస్థితి వేరు, మీ పరిస్థితి వేరు. పదిహేడు నుంచి ఇరవై రెండేళ్ల మధ్య, చదువులూ ఊళ్లూ మారుతున్న వయసులో ఇది నా చేతిలో ఉంది. ఉద్యోగంలో కుదురుకుని, ఏటా ఒకే దినచర్య ఉన్నవారికి ఐదు గడులూ ఒకేలా కనిపిస్తే డైరీని తప్పుపట్టలేం. హాస్టల్లో తాళం లేని పెట్టె ఉన్నవారికి, ఇంట్లో నా చెల్లి వంటి చెల్లి ఉన్నవారికి నేను సిఫారసు చేయను: మామూలు డైరీ దొరికితే ఒక ఏడాది గుట్టు పోతుంది, ఇది దొరికితే ఐదేళ్లదీ పోతుంది. లంకల్లో, ఏటిగట్టు కింద ఇళ్లున్నవారు కొంటే బాల్ పెన్నుతోనే మొదలుపెట్టాలి, పై అరలో పడుకోబెట్టి ఉంచాలి.

నేను మాత్రం ఇదే రకం రెండోది కొనలేదు. రూళ్ల లాంగ్ నోట్‌బుక్కులు రెండు తెచ్చి, చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి తిథికో పేజీ చొప్పున గడులు నేనే గీసుకుంటున్నాను. అధిక మాసానికి విడిగా పేజీలు వదలాలని మామ్మ ముందే హెచ్చరించింది కనుక, రెండో పుస్తకం చివర ముప్పై పేజీలు ఖాళీగా ఉంచాను.