గంటస్తంభం దగ్గరి మెమెంటో షాపు: పనితనం బాగుంది, అక్షరాలే మీరు చూసుకోవాలి

విజయనగరం గంటస్తంభం పక్క సందులోని ఈ షాపులో ఫ్లెక్సీ నుంచి ఇత్తడి రేకు మీద చెక్కుడు దాకా అన్నీ చేస్తారు. ఈ రివ్యూ మాత్రం ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు వర్ధంతి సభకు చేయించిన వాటి గురించే: 12కు 18 అంగుళాల పత్రం ఫ్రేము ఒకటి, 8 మిల్లీమీటర్ల అక్రిలిక్ జ్ఞాపికలు ఆరు.

అక్రిలిక్ పనికి వంక పెట్టలేం. యూవీ ప్రింటులో బొమ్మ కింద తెల్లపొర వేశారు. అది లేకపోతే ముఖంలోంచి అవతలి గోడ కనబడుతుంది, చాలాచోట్ల ఖర్చు మిగుల్చుకోడానికి ఎగ్గొట్టేది ఆ పొరనే. లేజరు చెక్కుడు పలక వెనకవైపు అద్దంలో బొమ్మలా తిరగేసి చేశారు కాబట్టి చేతివేళ్లు తగిలి మాసిపోదు. అయితే అక్షరం 14 పాయింట్ల కంటే తగ్గితే ఒత్తుల సందులు పూడిపోతున్నాయి. మేటరు తగ్గించండి గానీ అక్షరం తగ్గించొద్దు.

చిక్కంతా మేటరు దగ్గరే. ఫోనులో కొట్టిన యూనికోడ్ తెలుగును అక్కడ డీటీపీకి వాడే ‘అను’ అనే ఫాంటులోకి మారుస్తారు. మారేటప్పుడు ‘స్త్ర’, ‘క్ష్మి’ లాంటివి విరుగుతాయి. అది యంత్రం తప్పు, దిద్దుకోవచ్చు. మనిషి చేసే దిద్దుబాటే ప్రమాదం. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అని రాసిస్తే డీటీపీ ఆపరేటరు ‘వెళ్దామొస్తావా’ అని సంస్కరించాడు! ఉత్తరాంధ్ర నుడికారాన్ని పాటగా కట్టినాయన జ్ఞాపిక మీద ఆ మాటే పోతే ఇంకేం మిగిలింది? ‘ఉన్నదున్నట్టు’ అని కాగితం మీద ఎర్రసిరాతో రాసివ్వాల్సిందే.

షాపు కంప్యూటరులో పాత పత్రాల నమూనాలుంటాయి. ‘వేలాది పాటలు’, ‘అనేక అవార్డులు’ అందులోంచే వచ్చి పడతాయి. వాటిని కొట్టేసి తెలిసినవే వేయించాలి: విప్లవ సాంస్కృతిక సంస్థ జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఒకరు, 300కు పైగా పాటలు, 2017లో రాష్ట్ర ప్రభుత్వ కళారత్న, 2020 ఆగస్టు 4న మరణం. పుట్టిన ఊరు పెదబొండపల్లి. ఆయన పోయేనాటికి అది విజయనగరం జిల్లాయే, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. షాపువాళ్లు పాత జిల్లా వేశారు. రెండిట్లో ఏదీ తప్పని అనలేం, ‘నేటి పార్వతీపురం మన్యం జిల్లా’ అంటే గొడవే ఉండదు.

అక్కడే గోడకున్న నమూనా పత్రంలో ఒక గాయకుడి పేరు ముందు ‘పద్మశ్రీ’ తగిలించారు. పద్మ పురస్కారాలు బిరుదులు కావని, పేరుకు ముందూ వెనకా వాడరాదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కాబట్టి మన పి. సుశీల గారికి పత్రం చేయించినా ‘పద్మభూషణ్ (2008)’ అని విడిగా కింది వరసలోనే రావాలి. జాతీయ అవార్డులకు మరో మెలిక ఉంది. మేఘసందేశం పాటకు ఆమెకొచ్చింది 1982 సంవత్సరపు అవార్డు, అందుకున్నది 1983లో. ఏ ఏడాది వేసినా ఫరవాలేదు, పత్రమంతా ఒకే లెక్కన ఉంటే చాలు.

ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. నాలుగంగుళాల బొమ్మకు కనీసం 1200 పిక్సెళ్లు కావాలి. ప్రూఫు ఫోను తెరమీద చూసి ఓకే అనేయకండి. కాగితం మీద అసలు సైజులో తీయించి, మేటరు రాసినవాళ్లు కాక ఇంకొకరు చదవాలి. అడిగితే ప్రింటు తీసిస్తారు, విసుక్కోరు. అది ఈ షాపుకున్న మంచి గుణం.

జ్ఞాపికను స్పిరిటుతో, అద్దాలు తుడిచే మందుతో తుడవకూడదు. లేజరుతో కోసిన అంచుల్లో సన్నని బీటలు వస్తాయి. మెత్తటి తడిగుడ్డ చాలు.

ఆగస్టు 4 సభకైతే జులై 20 లోపే ఆర్డరివ్వండి. ఆ తర్వాత ఆఫీసులవాళ్ల పంద్రాగస్టు ప్రశంసా పత్రాలు వచ్చి పడతాయి, ప్రూఫు చూపించే తీరిక ఎవరికీ ఉండదు.