పుస్తకం పేరు తెలిస్తేనే పలికే కేటలాగ్

తిరుపతిలో నేను చదువుకున్న లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. మొదట నా పరిశోధన కోసం, ఇప్పుడు తాళ్లపాక సాహిత్యం మీద పనిచేసే పిల్లలకు పుస్తకాలు వెతికిపెట్టడానికి.

ఏం కావాలో ముందే తెలిసినవాళ్లకు ఇది చాలా బాగా పనికొస్తుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి అని కొడితే చాలు, ఆయన పుస్తకాలు, వాటి కాల్ నంబర్లు (ఏ పుస్తకం ఏ అరలో ఎక్కడుందో చెప్పే గుర్తులు), అరలో ఉన్నాయా ఎవరైనా తీసుకెళ్లారా, అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఫోన్‌లోనూ త్వరగా తెరుచుకుంటుంది. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కంతా ఏం కావాలో ఇంకా తేల్చుకోని వాళ్లకే. ఈమధ్య ఒక ఎం.ఏ. అమ్మాయి వచ్చి, "మేడమ్, సాళువ నరసింహరాయల కాలంలో తిరుమల గుడికి ఎవరెవరు ఏమేం ఇచ్చారో చూడాలి" అంది. తనే ఆ మాటలు టైప్ చేసింది. 'ఫలితాలు లేవు' అని వచ్చింది, అంతే. పాపం, లైబ్రరీలోనే లేదనుకుని లేచిపోబోయింది. దేవస్థానం అచ్చువేసిన శాసన సంపుటాల్లో రెండోది అచ్చంగా ఆ కాలానిదే. తను కూర్చున్న బల్ల వెనక బీరువాలోనే ఉంది. ఇంగ్లీషు పేరుతో ఎక్కించారు కాబట్టి తెలుగులో అడిగితే దొరకదు.

వెతకడమంటే ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు కాదని, దొరికిన ప్రతిదాన్నీ బట్టి ప్రశ్నే మారుతూ పోతుందని సమాచార శాస్త్ర పరిశోధకురాలు మార్సియా బేట్స్ 1989లోనే రాశారు. ఈ కేటలాగ్‌లో అలా మారే వీలే లేదు. వెనక్కి వెళ్తే ఇంతకుముందు వెతికినవి పోతాయి, మళ్లీ మొదటినుంచి కొట్టుకోవాలి. నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది ఇదే.

ఎడమ పక్కన రచయిత, భాష, సంవత్సరం, విషయం వారీగా వడకట్టుకునే పట్టీ ఉంది. ఆలోచన మంచిదే. కానీ అందులో అన్నమయ్య, అన్నమాచార్య, అన్నమాచార్యులు ముగ్గురు వేరువేరు రచయితల్లా కనిపిస్తారు. తాళ్లపాకకు, తాళ్ళపాకకు వచ్చే పుస్తకాలు వేరు. ఒకరి పేర్లన్నిటినీ ఒక్కచోట ముడివేసే పద్ధతి లైబ్రరీ వాళ్లకు ఎప్పటినుంచో తెలిసిందే, ఇక్కడ తెలుగు పేర్లకు ఎందుకో చేయలేదు. ఇక విషయం అన్నచోట 'తెలుగు సాహిత్యం' నొక్కితే శతకాలూ, నవలలూ, వ్యాకరణాలూ ఒకే కుప్పగా వచ్చిపడతాయి.

కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు తెర రంగులు మార్చకపోయినా పర్వాలేదు. ఏమీ దొరకనప్పుడు దగ్గరి విషయాలు చూపించాలి. దొరికిన పుస్తకానికి అరలో అటూ ఇటూ ఏమున్నాయో తెరమీదే కనిపించాలి. వెతికినవి గుర్తుండాలి. అంతవరకు నేను పిల్లలకు చెప్పేది ఒకటే: ముందు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో ఒక పుస్తకం పట్టుకోండి, కాల్ నంబర్ రాసుకోండి, ఆ అర దగ్గరికెళ్లి పక్కనున్నవన్నీ తీసి చూడండి.