మా అమ్మాయికి మొదటి ఫోన్‌గా నోకియా 105 బటన్ ఫోన్

పన్నెండు, పదమూడేళ్ల పిల్లకి మొదటి ఫోన్ కొందామనుకునే తల్లిదండ్రులు ఎవరు అడిగినా బటన్ ఫోనే కొనమని చెప్తాను. మా అమ్మాయికి మేం కొన్నది నోకియా 105, 2023లో వచ్చిన మోడల్. ఎనిమిదో తరగతిలో చేరినప్పటి నుంచి అదే వాడుతోంది. అందులో ఏది బాగుందో, ఏది బాగాలేదో వివరంగా రాస్తాను. అయితే అసలు ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి. ఆ అవసరం మీ ఇంట్లో లేకపోతే ఈ ఫోన్ కూడా అక్కర్లేదు.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. రాజమండ్రి నుంచి ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, సామర్లకోట మీదుగా కాకినాడ వెళ్లే రూట్. పొద్దున డ్యూటీ అయితే మధ్యాహ్నం దాటాక ఇంట్లో ఉంటాను. మధ్యాహ్నం డ్యూటీ పడితే రాత్రి ఎన్నింటికి దిగుతానో నాకే తెలీదు. మావారు ద్వారపూడి బట్టల మార్కెట్లో ఒక షాపులో చేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో ఆయనకీ రాత్రే. ఏడో తరగతి వరకు అమ్మాయి స్కూల్ ఆటోలో వెళ్లొచ్చేది, ఇంట్లో అత్తయ్యగారు ఉండేవారు. తర్వాత అత్తయ్యగారు ఊళ్లో మా మరిది దగ్గరికి వెళ్లిపోయారు. అదే ఏడాది ట్యూషన్ మొదలైంది. మోరంపూడి దగ్గరున్న మా ఇంటి నుంచి దానవాయిపేటకి సైకిల్ మీద వెళ్లి చీకటి పడ్డాక రావాలి.

ఒక రోజు వాన పడుతుంటే, నేను వచ్చి తీసుకెళ్తానని తనకి చెప్పాను. సాయంత్రం బస్సు బిక్కవోలు దగ్గర ఆగిపోయింది. ప్యాసింజర్లందరినీ వెనకొచ్చే బస్సు ఎక్కించి, డిపోకి కబురు చెప్పి, మెకానిక్ కోసం చూస్తూ కూర్చున్నాం. ట్యూషన్ మాస్టారికి ఫోన్ చేస్తే రింగ్ అవుతోంది, తీయడం లేదు. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఫోన్ సైలెంట్‌లో పెడతారు, అది ఆయన తప్పు కాదు. పిల్ల ఎక్కడుందో, ఎవరితో ఉందో తెలియకుండా గడిపిన ఆ సాయంత్రం ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. మాస్టారి భార్య తనకి అన్నం పెట్టి కూర్చోబెట్టారు. ఆవిడకి ఎంత రుణపడినా తక్కువే. ఇంటికొచ్చాక ఆ రాత్రే ఫోన్ కొందామని నిర్ణయించుకున్నాం.

ఏ వయసులో కొనాలని డిపో రెస్ట్ రూమ్‌లో ఎప్పుడూ చర్చే. ఒకామె పదో తరగతి తర్వాత అంటుంది, ఇంకొకామె ఐదో తరగతి కొడుక్కి ఎప్పుడో కొనేసింది. పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వేలో 2024కి, గ్రామాల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో 27 శాతం మందికి సొంత ఫోన్ ఉందని, 16 ఏళ్లకి అది దాదాపు 38 శాతమని పేపర్లో చదివాను. ఆస్ట్రేలియాలో అయితే 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చింది. ఇవన్నీ విన్నాక కూడా నాకు వయసు అంకె ముఖ్యం అనిపించలేదు. మనకి తెలిసిన పెద్దవాళ్లెవరూ పక్కన లేని సమయం పిల్లకి రోజూ ఉందా? ఉంటే ఫోన్ కావాలి. లేకపోతే పదో తరగతైనా అక్కర్లేదు. ఫోన్ ఇచ్చాక ఏదైనా ఇబ్బంది వస్తే మనతో భయం లేకుండా చెప్తుందా అన్నది రెండో ప్రశ్న. మా అమ్మాయి చెప్తుంది. ఆ నమ్మకం లేకపోతే ఆ రాత్రి కూడా కొనేదాన్ని కాదు.

మరి టచ్ ఫోన్ ఎందుకు కాదు? హైదరాబాద్‌లో ఉండే మా చెల్లెలు వాళ్లబ్బాయికి స్మార్ట్‌ఫోన్ కొని, గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టింది. అది మంచి యాప్, ఉచితం. రోజుకి ఎంతసేపు వాడాలో పెట్టొచ్చు, రాత్రి పూట లాక్ చేయొచ్చు, కొత్త యాప్ వేసుకోవాలంటే తల్లి ఫోన్‌కి అనుమతి అడుగుతుంది, పిల్లాడు ఎక్కడున్నాడో మ్యాప్‌లో కనిపిస్తుంది. కానీ వాట్సాప్‌లో ఎవరు ఏం పంపుతున్నారో ఆ యాప్‌కి తెలీదు. యూట్యూబ్‌కి గంట ఇస్తే ఇంకో అరగంట కావాలని రోజూ గొడవ. మా చెల్లెలు ఓపికమంతురాలు, ఇంట్లోనే ఉంటుంది, అది చూసుకోగలదు. నేను టికెట్లు కొడుతూ అనుమతులు ఇస్తూ కూర్చోలేను. పైగా మా అమ్మాయికి కావలసింది "అమ్మా, బయల్దేరాను", "నాన్నా, సైకిల్ పంక్చర్ అయింది" అని చెప్పడానికి ఒక దారి. ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసిన స్త్రీ శక్తి పథకం వచ్చాక మా బస్సుల్లో ఎక్కే ఆడపిల్లలు బాగా పెరిగారు. రోజూ చూస్తుంటాను, వాళ్లు ఇంటికి చేసే ఫోన్లన్నీ అరనిమిషంలో అయిపోయేవే. దానికి బటన్లు చాలు.

ఇక ఫోన్ సంగతి. 2023 మేలో విడుదలైనప్పుడు దీని ధర 1,299 రూపాయలు. మేం కొన్నది కూడా దాదాపు ఆ ధరకే. నోకియా పేరుతో దీన్ని తయారుచేయించేది ఫిన్లాండ్ కంపెనీ హెచ్‌ఎండీ. 2024 జూన్‌లో వాళ్లు సొంత పేరుతో హెచ్‌ఎండీ 105 కూడా తెచ్చారు, అది 999 రూపాయలకి మొదలైంది. షాపులో రెండూ కనబడితే ధర చూసుకుని ఏదైనా తీసుకోండి.

మా దాంట్లో కెమెరా లేదు, ఇంటర్నెట్ లేదు. పిల్ల ఫోన్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి ఈ రెండు లేకపోవడాలే. 1.8 అంగుళాల స్క్రీన్, బొటనవేలికి సరిగ్గా అందే బటన్లు. రింగ్ చాలా గట్టిగా వస్తుంది, దేవీచౌక్ ట్రాఫిక్‌లో కూడా బ్యాగులోంచి వినబడింది. ఇయర్‌పీస్ సౌండ్ కూడా అంతే స్పష్టం. ఇంజిన్ మోత మధ్య తన మాట నాకు వినిపించకపోవచ్చు గానీ నా మాట తనకి వినిపిస్తుంది. బ్యాటరీ 1000 ఎంఏహెచ్. రోజుకి నాలుగైదు కాల్స్ మాత్రమే కాబట్టి ఆదివారం ఒకసారి చార్జింగ్ పెడితే మళ్లీ ఆదివారం దాకా చూడక్కర్లేదు. పైన టార్చ్ ఉంది. మా సందులో వీధి దీపం పోయి మునిసిపాలిటీ వాళ్లు వేసేదాకా సైకిల్ దిగి ఆ వెలుతురులోనే నడిచి వచ్చేది. ఎఫ్ఎం రేడియో ఇయర్‌ఫోన్ లేకుండానే పలుకుతుంది. ఆదివారం బట్టలు మడత పెడుతూ నేనే ఎక్కువ వింటాను.

ఒకసారి సైకిల్ మీద వెళ్తుంటే జేబులోంచి సిమెంట్ రోడ్డు మీద పడింది. వెనక మూత ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు, ఫోన్ ఒకవైపు. మూడూ ఏరుకుని పెట్టుకుంటే ఆన్ అయింది. మూల మీద చిన్న గీత పడిందంతే. నాలుగు చినుకులకి ఏమీ కాదు, కానీ నీళ్లలో పడితే తట్టుకునే రకం కాదు. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి బ్యాగులో వేస్తాను.

బాగాలేనివి కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్దది, ఇది పాత తరం నెట్‌వర్క్ మీద నడిచే 2జీ ఫోన్. జియో సిమ్ ఇందులో పనిచేయదు, జియోకి 2జీ నెట్‌వర్కే లేదు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్ వేసుకోవాలి. నేను మొదట అడిగిన షాపులో ఈ మాట ఎవరూ చెప్పలేదు, డిపోలో తోటి కండక్టర్ చెప్పింది. మీ ఇంటి దగ్గర జియో ఒక్కటే సరిగ్గా అందే పరిస్థితి అయితే ఈ ఫోన్ వద్దు. నోకియా 106 4జీ లాంటి 4జీ బటన్ ఫోన్ చూసుకోండి, ఖరీదు కొంచెం ఎక్కువే అయినా. 999 రూపాయలకి వచ్చిన జియో వాళ్ల బటన్ ఫోన్ జియోభారత్ కూడా ఉంది గానీ, అందులో జియో సిమ్ తప్ప వేరేది పట్టదు. పైగా సినిమాలూ పాటల యాప్‌లూ ఉంటాయి. అత్తయ్యగారి లాంటి పెద్దవాళ్లకి అది బాగుంటుంది, చదువుకునే పిల్లకి నేను ఇవ్వను.

చార్జర్ పాత మైక్రో యూఎస్‌బీ. ఇంట్లో మిగిలినవన్నీ టైప్ సి కాబట్టి దీని చార్జర్ జాగ్రత్తగా దాచుకోవాలి. మెసేజ్ టైప్ చేయడం నిదానం. లొకేషన్ తెలియదు. చీకటి పడ్డాక తను పది నిమిషాలు ఆలస్యమైతే మా చెల్లెలి ఫోన్లో కనిపించే ఆ మ్యాప్ నాకూ ఉంటే బాగుండని అనిపిస్తుంది. స్కూల్ హోంవర్క్, సెలవుల సమాచారం వాట్సాప్ గ్రూపులో వస్తాయి. అవి నా ఫోన్‌కే వస్తాయి, రాత్రి నేనొచ్చాక చూసి రాసుకోవాలి. నాకు మధ్యాహ్నం డ్యూటీ ఉన్నరోజు తనకి ఇది నిజంగా కష్టం. ఆ రోజుల్లో పక్కింటి పిన్నిగారి ఫోన్లో చూసుకుని రాసుకుంటుంది. స్కూళ్లు హోంవర్క్‌ని క్లాసులోనే డైరీలో రాయించేస్తే ఈ అవస్థ ఏ పిల్లకీ ఉండదు.

ఫోన్ కంటే సిమ్ దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. 18 ఏళ్లలోపు పిల్లల పేరు మీద సిమ్ ఇవ్వరు, నా ఆధార్ మీదే తీసుకున్నాం. పాత సిమ్ ఖాళీగా ఉంది కదా అని అదే వేసి ఇవ్వకండి. ఆ నంబర్‌కి బ్యాంకు ఖాతా లింకై ఉంటే ఓటీపీలన్నీ పిల్ల జేబులోకి వెళ్తాయి. ఈ ఫోన్లో ఇంటర్నెట్ లేకుండా డబ్బు పంపే యూపీఐ 123పే కూడా ఉంది. ఊళ్లో పెద్దవాళ్లకి అది మేలే. పిల్ల దగ్గర మాత్రం ఏ బ్యాంకుకీ ఇవ్వని కొత్త నంబర్ ఉంటే ఆ బెంగే ఉండదు. రీఛార్జ్ గురించి ఒక మంచి మాట. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం వల్ల 2025 జనవరి నుంచి డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు వచ్చాయి. మేం వేయించేది ఎయిర్‌టెల్‌లో అప్పుడు వచ్చిన 469 రూపాయల ప్లాన్, 84 రోజులు. నెట్ వాడని ఫోన్‌కి నెట్ డబ్బులు కట్టాల్సిన పని తప్పింది.

సిమ్ వేశాక, ప్రకటనల కాల్స్ ఆపమని 1909కి START 0 అని మెసేజ్ పెట్టాం, లోన్ల కాల్స్ బాగా తగ్గాయి. 2 నొక్కి పట్టుకుంటే నాకు, 3 వాళ్ల నాన్నకి, 4 మా అమ్మకి, 5 మాస్టారింటికి వెళ్లేలా పెట్టాం. అత్యవసర నంబర్ 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా సేవ్ చేసి, ఏది ఎప్పుడు చేయాలో కూర్చోబెట్టి చెప్పాను. పేరు కనబడని కాల్ వస్తే ఎత్తొద్దు, ఎత్తినా పేరు చెప్పొద్దు అన్నది ఇంట్లో గట్టి నియమం. ఒకసారి ఎవరో రాంగ్ నంబర్ అంటూ చేసి, ఆడపిల్ల గొంతు వినేసరికి మళ్లీ మళ్లీ చేశాడు. అమ్మాయి ఆ సాయంత్రమే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది. తర్వాతి కాల్ నేను ఎత్తి, కేసు పెడతానని చెప్పాను, మళ్లీ చేయలేదు. ఇలాంటివి బటన్ ఫోన్‌లోనూ వస్తాయి. స్మార్ట్‌ఫోన్ అయితే ఆ నంబర్ పట్టుకుని వాట్సాప్‌లో డీపీ చూసేవాడు, ఫొటోలు పంపేవాడు. ఇక్కడ గొంతు తప్ప వాడికి ఇంకేమీ దొరకలేదు.

అమ్మాయి మాట కూడా రాయాలి, వాడేది తనే కాబట్టి. మొదటి రోజుల్లో బాధపడింది. "అందరూ డబ్బా ఫోన్ అంటున్నారమ్మా" అంది. నేను తిట్టలేదు, ఆ వయసులో ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో నాకు తెలుసు. "నీకు ఇది ఎందుకు కొన్నామో తెలుసు కదా తల్లీ" అని మాత్రం అన్నాను. ఇప్పుడు ట్యూషన్ పిల్లలందరికీ ఇంటికి ఫోన్ చేసుకోవడానికి తన ఫోనే ఆధారం. వాళ్ల టచ్ ఫోన్లు ఇంట్లో తాళం వేసి ఉంటాయి, లేదా చార్జింగ్ అయిపోయి ఉంటాయి. స్కూల్లో ఫోన్ ఉండకూడదు, పొద్దున క్లాస్ టీచర్‌కి స్విచ్ ఆఫ్ చేసి ఇస్తుంది, సాయంత్రం తీసుకుంటుంది. ఆవిడ కూడా ఈ ఫోన్ చూసి అభ్యంతరం పెట్టలేదు.

తర్వాతి ఫోన్ ఎప్పుడని అడుగుతూనే ఉంది. తనకి 13 నిండాయి, వాట్సాప్ నియమాల ప్రకారం ఖాతా తెరుచుకోవచ్చు, ఆ సంగతీ తనే చెప్పింది. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఇదే అని నేనూ మావారూ ఒక్క మాట మీద ఉన్నాం. ఇంటర్‌కి హాస్టల్లో చేరిస్తే చాలా కాలేజీల్లో ఫోనే ఉంచుకోనివ్వరు, అప్పుడు కొనక్కర్లేదు. ఇంటి నుంచే కాకినాడ వెళ్లి చదువుతానంటే రోజూ బస్సు ప్రయాణం కాబట్టి లొకేషన్ ఉన్న ఫోన్ కొంటాం. అప్పుడు ఫ్యామిలీ లింక్ పెట్టడం మా చెల్లెలి దగ్గర నేర్చుకుంటాను. రాత్రి తొమ్మిది తర్వాత ఆ ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉండాలని ఇప్పుడే చెప్పేశాను. తను ఒప్పుకుంది గానీ, మా ఇద్దరి ఫోన్లు కూడా అక్కడే ఉండాలంది. అది న్యాయమే, ఈ నెల నుంచే మొదలుపెట్టాం.