పళ్ల క్యాంపు ఆఫర్ల విషయంలో జాగ్రత్త: మా బాపుకు హనుమకొండలో జరిగింది ఇది

మా బాపుకు 62 ఏళ్లు. పరకాల దగ్గర ఊళ్లో పత్తి, మిర్చి వేస్తాడు. షుగర్ ఉంది. పోయిన నెల ఊళ్లో టెంటు వేసి ఉచిత దంత పరీక్షలన్నారు. హనుమకొండలోని ఒక క్లినిక్ వాళ్లు పెట్టిన క్యాంపు. పేరు రాయడం లేదు, గొడవ ఇంకా నడుస్తోంది.

బాపుకు ఉన్న బాధ ఒక్కటే. కింద కుడి వైపు దవడ పన్ను చల్లటి నీళ్లకు జివ్వుమనేది. టార్చి వేసి నోట్లో చూసి చీటీ రాసిచ్చారు: ఆర్‌సీటీ (అంటే రూట్ కెనాల్) 5, క్యాప్ 5, క్లీనింగ్. మొత్తం 52,000 అవుతుందట, క్యాంపుకు వచ్చినవాళ్లకు 38,000 అట, అదీ ఆ వారంలో మొదలుపెడితేనే. నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. "సార్లు మంచిగనే మాట్లాడిండ్రు బిడ్డా, చేయించుకుంట" అన్నాడు బాపు. కాజీపేట నుంచి సెలవు పెట్టి వెళ్లి తీసుకుపోయాను. "ఈరోజు సగం కడితే ఆఫర్ ఉంటుంది సార్" అన్నది కౌంటర్లో అమ్మాయి. 19,000 ఫోన్‌పే చేశాను. బిల్లు అడగలేదు. తప్పు నాదే.

అదే రోజు రెండు పళ్లకు రూట్ కెనాల్ అయిపోయింది. వారానికి క్యాపులు పెట్టారు. షుగర్ ఎంతుంది, ఏం గోలీలు వాడుతున్నారు అని ఒక్కరూ అడగలేదు. పదిహేను రోజులకు దవడ వాచింది, రాత్రిళ్లు నిద్ర లేదు. ఫోన్ చేస్తే "సెట్ అవుతుంది, యాంటీబయోటిక్ వాడండి" అన్నారు.

చివరికి సుబేదారిలో రూట్ కెనాల్‌లోనే ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చేసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె ఆ ఒక్క పన్నుకే చిన్న ఎక్స్‌రే తీసి స్క్రీన్ మా వైపు తిప్పారు. కింది మొదటి దవడ పన్నుకు మామూలుగా రెండు వేర్లు, మూడు కాలువలు ఉంటాయట. లోపలి నరాన్ని తీసి, సన్నటి ఫైళ్లతో ఆ కాలువలన్నీ శుభ్రం చేసి, రబ్బరులాంటి గట్టా పెర్చాతో వేరు కొన దాకా నింపాలి. నింపింది ఎక్స్‌రేలో తెల్లటి గీతలా కనపడుతుంది. బాపు పన్నులో గీతలు వేరు మధ్యలోనే ఆగిపోయాయి. కొంచెం పక్క నుంచి ఇంకో ఎక్స్‌రే తీస్తే తేలింది, మూడో కాలువను అసలు ముట్టనే లేదు. వేరు కొన దగ్గర నల్లటి నీడ. వాపు అక్కడి నుంచే.

"అసలు ఈ పన్నుకు రూట్ కెనాల్ అవసరమా మేడం?" అని అడిగాను. "ముందు తీసిన ఎక్స్‌రే ఉంటే చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు" అన్నారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఈ మాటే. పాత క్లినిక్ నుంచి మా దగ్గరున్నది ఆ చీటీ ఒక్కటే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నా. పుచ్చు పై పొరల్లోనే ఉంటే తీసేసి ఫిల్లింగ్ పెడితే చాలు. లోపల నరం, రక్తనాళాలు ఉండే గుజ్జు దాకా చేరి అది పాడైతేనే రూట్ కెనాల్. చల్లటిది తగిలి జివ్వుమని రెండు మూడు సెకన్లలో తగ్గిపోతే నరం బాగానే ఉండే అవకాశం ఎక్కువ. వేడికి పోటు మొదలై చాలాసేపు ఆగకపోయినా, నొప్పి రాత్రి నిద్రలోంచి లేపినా అనుమానించాలి. అయినా మనం చెప్పే నొప్పిని బట్టే తేల్చరు, పన్నుకు చల్లటిది తాకించి, తట్టి, ఎక్స్‌రే చూసి నిర్ణయిస్తారు. మరి టెంటులో టార్చి లైటుతో ఐదు పళ్ల నరాలు పాడయ్యాయని ఎలా తెలిసిందో!

మిగిలిన మూడు పళ్లకూ ఆమె ఆ పరీక్షలన్నీ చేశారు. రెండింటికి ఫిల్లింగ్ చాలన్నారు. మూడోదానిది ఉత్త మరక, తంబాకు అలవాటు వల్ల.

ఇక క్యాపు సంగతి. క్యాపు పెట్టాలంటే పన్నును చుట్టూ అరగదీయాలి, అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు. బాగున్న పన్నుకు క్యాపు వేస్తే అది నష్టమే. మాకు జిర్కోనియా (లోహం లేని తెల్లటి క్యాపు) అని చెప్పి డబ్బులు తీసుకున్నారు. చిగురు పక్కన నల్లటి లోహపు అంచు కనపడుతోంది, అంటే లోపల లోహం, పైన సిరామిక్. జిర్కోనియాకు ల్యాబ్ వాళ్లు చాలావరకు వారంటీ కార్డు ఇస్తారట, మాకు ఇవ్వలేదు. ఒకే సిట్టింగులో రూట్ కెనాల్ చేయడమే మోసం అని మాత్రం అనుకోకండి, పన్నును బట్టి అలా చేసే మంచి డాక్టర్లూ ఉన్నారు. క్లీనింగ్ కూడా ఆ క్లినిక్ వాళ్లు బాగానే చేశారు, దానివల్ల పళ్లు కదులుతాయన్న మా అవ్వ భయం ఉత్తదే.

మీరు వెళ్తే చీటీలో పన్ను నంబర్ రాయించుకోండి. ప్రతి పన్నుకూ రెండంకెల నంబర్ ఉంటుంది, బాపుది 46. అది ఉంటే ఏ ఊరి డాక్టరైనా ఏ పన్నో గుర్తుపడతారు. "ఆర్‌సీటీ 5" అంటే ఏ ఐదు? పని మొదలుపెట్టకముందు తీసిన ఎక్స్‌రే, నింపాక తీసిన ఎక్స్‌రే రెండూ ఫోన్‌లోకి పంపించుకోండి. షుగర్ ఉందని, రక్తం పలచబడే గోలీ వాడుతుంటే అదీ, వాళ్లు అడగకపోయినా చెప్పండి. డాక్టర్ పేరు పక్కన స్టేట్ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి. చట్టప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మా బాపుకు చేసినవాళ్లు ఎవరో, పేరేంటో నాకు ఇప్పటికీ తెలియదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు లేదు కాబట్టి ఫోన్‌పే రసీదు, చీటీ ఫొటో పెట్టాను. 46 మీది క్యాపు కోసి తీశారు, మళ్లీ రూట్ కెనాల్ నడుస్తోంది, శనివారం రెండో సిట్టింగు. వాపు తగ్గింది. బాపు ఇంకా ఎడమ వైపే నములుతున్నాడు.