ఓట్స్ కుకీల్లోకి వే పౌడరా, పుట్నాల పొడా?

ప్రొటీన్ లెక్క చూస్తే వే పౌడర్‌కు, అంటే పాలు విరిగాక మిగిలే తేట నుంచి తీసే ప్రొటీన్ పొడికి, తిరుగులేదు. 30 గ్రాముల స్కూప్‌లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అదే తూకం పుట్నాల పొడిలో ఆరేడు గ్రాములే.

కానీ కుకీ మెత్తగా రావాలంటే వే పౌడర్‌తో కాస్త టెన్షనే. ఓవెన్ వేడికి దాని ప్రొటీన్ బిగుసుకుపోతుంది. మొదటిసారి రెండు కప్పుల ఓట్స్‌కి మూడు స్కూప్‌లు వేశాను. చల్లారాక కొరికితే రబ్బరు ముక్కే! ఇప్పుడు ఒక్క స్కూపే వేస్తున్నా. దానికి తోడు బాగా మగ్గిన అరటిపండు, రెండు చెంచాల గట్టి పెరుగు. 175 డిగ్రీల దగ్గర పదో నిమిషానికే ట్రే బయటికి తీసేస్తాను. అప్పటికి అంచులు ఎర్రబడాలి, మధ్యలో వేలితో నొక్కితే ఇంకా దిగబడాలి. ఓవెన్‌లోంచి తీసినా ట్రే వేడికి ఇంకాస్త ఉడుకుతుంది మరి.

పుట్నాల పొడితో ఇన్ని తిప్పలు లేవు. మిక్సీలో కొట్టి జల్లించాలి, లేకపోతే పలుకులు పంటికి తగులుతాయి. బెల్లం పొడి, పీనట్ బటర్ కలిపితే ఇల్లంతా లడ్డూల వాసన. పీనట్ బటర్‌తో ప్రొటీన్ కూడా కొంత పెరుగుతుంది.

జిమ్‌కి వెళ్లే మా తమ్ముడు వే కుకీలే అడుగుతాడు. డబ్బా ముందు ఖాళీ అయ్యేది మాత్రం పుట్నాలవే.