బాక్సుల కింద ఏది మేలు: స్పైకులా, రబ్బరా, గ్రానైటా, స్ప్రింగులా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగోళ్ళు ఎక్కువమంది ఉండేది కింద ఓనరు, మేడ మీద మనం అన్న లెక్కలోనే కదా, అందుకే ఇక్కడ ఎవరైనా కొత్తగా టవర్ స్పీకర్లు (నేల మీద నిలబెట్టే పొడుగు బాక్సులు) గానీ సబ్ వూఫర్ (బేస్ కోసం వేరే బాక్సు) గానీ కొన్నారంటే వారం తిరక్కుండా అడిగేది ఒకటే, కింది వాటాకి అదురు పోకుండా బాక్సు కింద ఏం వెయ్యాలి అని. షాపోడు స్పైకులంటాడు, యూట్యూబ్‌లో ఒకడు స్ప్రింగులంటాడు, మన బావగారు ఒకాయన ఏసీ బిగించేవాళ్ళ దగ్గర రబ్బరు ప్యాడ్లు దొరుకుతాయి అవి వేసెయ్ అంటాడు. ముగ్గురూ చెప్పేది ఒకే జబ్బుకి మందు కాదు, గొడవంతా అక్కడే.

ముందు స్పైకుల సంగతి, అంటే బాక్సు అడుగున బిగించే మొనదేలిన కాళ్ళ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బాలో ఫ్రీగా వస్తాయి కాబట్టి అందరూ అవే బిగిస్తారు. స్పైకు అదురుని ఆపదు, బాక్సుని నేలకి మేకు కొట్టినట్టు కలిపేస్తుంది. అది చలిదేశాల్లో చెక్క నేల మీద మందపాటి కార్పెట్ వేసుకునేవాళ్ళ కోసం, కార్పెట్‌లోంచి గుచ్చుకుని కింద గట్టి నేలని పట్టుకుంటే బాక్సు ఊగదు, అంతే దాని పని. "అదురు కిందకి పోతుంది గానీ పైకి రాదు" అని కొందరు చెప్తారు, అలాంటి వన్ వే ఏమీ లేదు. మన గచ్చు మీద, మొజాయిక్ మీద, టైల్స్ మీద స్పైకు వల్ల ఒరిగేది గీతలు పడటమే. అయితే నేల ఎగుడుదిగుడుగా ఉంటే మర తిప్పి లెవెల్ చేసుకోడానికి పనికొస్తుంది, అది మాత్రం ఒప్పుకోవాలి.

ఇక రబ్బరు. ఇక్కడే అసలు విషయం ఉంది. ఏ మెత్త వస్తువైనా బాక్సు బరువుకి ఎంత అణుగుతుందో దాన్ని బట్టే పని చేస్తుంది. లెక్క సింపుల్, ఎన్ని మిల్లీమీటర్లు అణిగిందో దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే ఆ ప్యాడ్ మీద బాక్సు సొంతంగా ఎన్ని హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. 1 మిల్లీమీటరు అణిగితే దాదాపు 16 హెర్ట్జ్, 10 మిల్లీమీటర్లు అణిగితే 5. పాటలో వచ్చే అదురు హెర్ట్జ్ ఆ అంకెకి 1.4 రెట్లు దాటిన తర్వాతే కిందకి పోయేది తగ్గడం మొదలవుతుంది, ఆ అంకె దగ్గర మాత్రం తగ్గకపోగా పెరుగుతుంది. ఇప్పుడు వాషింగ్ మెషిన్ కింద పెట్టే గట్టి రబ్బరు గుబ్బలు తెచ్చి 8 కిలోల బుక్‌షెల్ఫ్ బాక్సు (అరలో పట్టే చిన్న స్పీకర్) కింద పెట్టారనుకోండి, అవి 60, 70 కిలోల బరువు కోసం చేసినవి, ఈ బరువుకి 0.1 మిల్లీమీటరు కూడా సరిగ్గా అణగవు, అంటే 50 హెర్ట్జ్! సరిగ్గా డోలు, బేస్ గిటారు ఉండే చోటే అదురు పెరుగుతుంది. డబ్బులు పెట్టి మరీ పెంచుకున్నట్టు. అదే గుబ్బలు బరువైన సబ్ వూఫర్ కింద బాగానే పని చెయ్యొచ్చు. కాబట్టి "ఈ ప్యాడ్ మంచిదా" అని కాదు, "నా బాక్సు బరువుకి ఇది ఎంత అణుగుతుంది" అని అడగాలి. సోర్బోథేన్ (అదురు పీల్చుకోడానికే చేసిన మెత్త రబ్బరు లాంటిది) లాంటివి అమ్మేవాళ్ళు ఏ సైజుకి ఎంత బరువో చార్ట్ ఇస్తారు, దాన్ని చూసి కొనండి, సైజు ఎక్కువైతే మేలనుకుని పెద్దవి కొంటే మళ్ళీ అదే కథ.

తేలిక బాక్సులున్నవాళ్ళకి నా ఓటు గ్రానైట్ ప్లస్ రబ్బరుకి. పర్లాకిమిడి వాళ్ళకి టెక్కలి దగ్గరే కదా, గ్రానైట్ కోసే చోట తునక ముక్కలు అడిగితే చవగ్గా ఇస్తారు. 30 బై 40 సెంటీమీటర్లు, 2 సెంటీమీటర్ల మందం ముక్క ఆరున్నర కిలోలు తూగుతుంది. రాయిని ఒట్టిగా నేల మీద పెడితే అందం తప్ప ఏమీ లేదు, దాని కింద మెత్త రబ్బరు, పైన బాక్సు పెడితేనే ప్రయోజనం. 8 కిలోలది పద్నాలుగున్నర అవుతుంది, రబ్బరు ఇంకా అణుగుతుంది, ఇందాకటి హెర్ట్జ్ అంకె పావు వంతు దిగుతుంది, పైగా బాక్సు తూలదు. కొత్త స్టాండ్లు కొనేకన్నా ఇదే నయం.

స్ప్రింగులు లెక్క ప్రకారం అన్నిటికన్నా గొప్ప, 5, 6 హెర్ట్జ్ దాకా దింపేస్తాయి. కానీ సన్నగా పొడుగ్గా ఉండే టవర్‌ని స్ప్రింగుల మీద పెట్టి, ఇంట్లో నడక నేర్చుకుంటున్న పిల్లాడు దాన్ని పట్టుకుని నిలబడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పొట్టిగా వెడల్పుగా ఉండే సబ్ వూఫర్‌కైతే సరే.

ఫోమ్ ప్యాడ్లు టేబుల్ మీద పెట్టుకునే చిన్న స్పీకర్లకి, టేబుల్ గుయ్యిమనకుండా, స్పీకర్ కొంచెం చెవి వైపు తిరిగేలా. అంతకు మించి ఆశించొద్దు, మా గజపతి జిల్లా చెమ్మకి చవక ఫోమ్ కొన్నాళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది కూడా.

ఇవన్నీ సరే గానీ, ఏదీ కొనకముందు ఒక పరీక్ష చెయ్యండి. మా కింది వాటా పిన్నిగారు ఒకసారి, "ఏటి బాబూ, పాట వినపడదు గానీ దేవుడి మూల ఇత్తడి గంట ఊరికే వణుకుతోంది" అన్నారు. ఆ వణుకు నేలలోంచి పోయిందా, గాల్లోంచి పోయిందా అన్నది తెలియాలి. ఎందుకంటే వూఫర్ కోను (బేస్ కోసం ముందుకీ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) బరువు 30 గ్రాములు, బాక్సు 15 కిలోలు అనుకుంటే కోను 5 మిల్లీమీటర్లు కదిలినా బాక్సు వెనక్కి తన్నేది 0.01 మిల్లీమీటరే. మిగతాదంతా గాలి ఒత్తిడి, అదే వెళ్ళి శ్లాబుని, గోడల్ని ఊపుతుంది. నమ్మకం కుదరకపోతే ఠాకురాణి అమ్మవారి యాత్రప్పుడు బరంపురం వీధిలో డీజే బండి చూడండి, బాక్సుల కింద కమాన్లు, వాటి కింద గాలి టైర్లు, అంతకన్నా పెద్ద ప్యాడ్ ఏముంటుంది, అయినా మన కిటికీ అద్దాలు మోగుతాయి.

పరీక్ష ఇదీ: పాత బొంత నాలుగు మడతలు పెట్టి, ఇద్దరు పట్టుకుని బాక్సుని జాగ్రత్తగా దాని మీద నిలబెట్టి, అదే పాట అదే వాల్యూమ్‌లో వేసి కింద అడగండి. ఫోన్‌లో ఫైఫాక్స్ (phyphox) అని ఫ్రీ యాప్ ఉంది, జర్మనీ ఆహెన్ యూనివర్సిటీ వాళ్ళది, ఫోన్‌ని కింది వాళ్ళ నేల మీద పెడితే అదురు గ్రాఫ్ చూపిస్తుంది, పెద్దాళ్ళని పదే పదే అడగక్కర్లేదు. బొంత మీద తేడా కనపడితే బాక్సు బరువుకి సరిపడే ప్యాడ్ కొనండి, లాభం ఉంటుంది. తేడా లేదంటే ప్యాడ్ వల్ల పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చు, బాక్సుని మూలలోంచి బయటికి లాగండి, రాత్రి 9 దాటాక బేస్ తగ్గించండి, పైసా ఖర్చు లేదు. కింద ఎవరూ లేని గ్రౌండ్ ఫ్లోర్ గచ్చు వాళ్ళు మొత్తంగా ఈ ఖర్చే మానుకోవచ్చు, నేల మీద గట్టిగా నిలబెడితే చాలు.

రబ్బరు వేస్తే మొజాయిక్ మీద మచ్చ దిగొచ్చు, తర్వాత తోమినా పోకపోవచ్చు, ఓనరు అడ్వాన్సులో కోసేస్తాడు. ప్యాడ్ కింద పాత లామినేషన్ షీటు ముక్క కోసి వెయ్యండి.